చంపావతి రాణి పూలచేపలు

అనగనగా, ఓడలకు గాలే గుర్రమై, తెరచాపే కళ్ళెమై నడిచిన కాలంలో, తూర్పు సముద్రం ఒడ్డున సిరిరేవు అనే పట్టణం ఉండేది. ఇప్పుడు వెతికినా కనపడదు. ఇసుక మేట వేసి, రేవు పూడిపోయి, పేరొక్కటే మిగిలింది. మా ముత్తవ్వ వాళ్ళ ముత్తవ్వ ఆ ఊరి నీళ్ళు తాగిందట. ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి నడిచొచ్చిన కథ ఇది. వినండి పిల్లలూ.

సిరిరేవును జయవల్లభుడనే రాజు ఏలేవాడు. ఆయన రాణి చంపావతి. ఆమెది ఈ దేశం కాదు. ఓడ మీద నలభై రోజులు పోతే వచ్చే కలమదీవి ఆమె పుట్టిల్లు. అక్కడ కొండ మీదా వరే, లోయలోనూ వరే. ఏడాదికి మూడు పంటలు. ఏ మడి గట్టున నిలబడినా కాళ్ళ కింద నీళ్ళు నిండుగా నిలిచి ఉండేవి.

ఆమె సిరిరేవుకు వచ్చి పన్నెండేళ్ళయింది. మన భాష నేర్చుకుంది. మన పండగలు నేర్చుకుంది. చింతపండు పులుసులో బెల్లం ఎంత వెయ్యాలో కూడా నేర్చుకుంది. కానీ తొలకరి చినుకు పడి నేల వాసన వేసిందంటే చాలు, మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆగిపోయేది. కళ్ళు సముద్రం వైపు తిరిగేవి.

"ఏమయింది దేవీ?" అని రాజు అడిగేవాడు.

"ఏమీ లేదు ప్రభూ" అని ఆమె అనేది.

రాజు మంచివాడు. ఆమె ముఖం వాడితే చూడలేడు. అందుకని మర్నాడే ఏదో ఒక కానుక చేయించి తెచ్చేవాడు. ఒకసారి ముత్యాల ఉయ్యాల. ఒకసారి దంతపు దువ్వెన. ఆమె నవ్వి పుచ్చుకునేది. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలిచేది కాదు.

ఇలా ఉండగా ఒక రోజు కలమదీవి నుంచి ఓడ వచ్చింది. సోమిశెట్టి అనే వర్తకుడు ఎనిమిది జాడీలు మోయించుకొని కోటకు వచ్చాడు. ప్రతి జాడీకీ విడిగా గోనెగుడ్డ చుట్టి ఉంది. మూతికి తాటాకు కప్పి, ఆ ఆకుకు చిల్లులు పొడిచి ఉన్నాయి.

"మీ తమ్ముడుగారు పంపారు తల్లీ" అన్నాడు సోమిశెట్టి. "ఈ మాట కూడా చెప్పమన్నారు: అక్కా, మనం చిన్నప్పుడు మడిలో పట్టుకొని ఆడుకున్న పూలచేపలివి. కొండవాగు దారి మళ్ళింది. మన మళ్ళు ఎండిపోతున్నాయి. ఇక్కడ దొరికిన చివరి చేపలు ఇవే. నీ దగ్గరైనా బతకనీ."

రాణి ఒక్కొక్క జాడీ మీది తాటాకు తీసి చూసింది. ఒక దానిలో ఎర్ర చేప. మందారం విచ్చినట్టు తోక. ఇంకో దానిలో నీలం చేప. నెమలి మెడ రంగు. ఒకటి పచ్చ, ఒకటి పసుపు, ఒకటి తెలుపు, ఒకటి దానిమ్మ గింజ రంగు. ఆరూ మగ చేపలు. మిగిలిన రెండు జాడీల్లో మట్టి రంగు ఆడ చేపలున్నాయి. వాటికి తోక పొట్టి, సొగసు తక్కువ.

పన్నెండేళ్ళలో మొదటిసారి రాణి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషమో దుఃఖమో దాసీలకు తెలియలేదు.

సోమిశెట్టి సెలవు తీసుకుంటూ, "దేని జాడీ దానిదే తల్లీ, కలపకండి" అన్నాడు. ఆ సందట్లో ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. మర్నాడే గాలి అనుకూలించింది. ఓడ వెళ్ళిపోయింది.

కోటలో తామరకొలను చేపలకు మేత వేసే మనిషి ఒకతె ఉండేది. పేరు నూకాలు. బెస్తవాడ మనిషి. చేపను చూసి దాని ఆకలి చెప్పగలదు. కొత్త చేపలను కూడా ఆమెకే అప్పగించారు. నూకాలు మూడు రోజులు వాటిని చూసింది. ఒకసారి గోనెగుడ్డలు ఉతకడానికి విప్పి, ఎర్ర చేప జాడీ మీది తాటాకూ నీలం చేప జాడీ మీది తాటాకూ తీసి, గాజుగిన్నెల్లోకి మార్చి పక్కపక్కన పెట్టింది. ఒకదాన్ని ఒకటి చూశాయో లేదో, రెండూ బుగ్గల రెక్కలు గొడుగుల్లా విప్పి, ఒళ్ళు విల్లులా వంచి, గాజు మీదికి దూకాయి. నూకాలు గబుక్కున మధ్యలో తన కొంగు అడ్డం పెట్టింది.

అప్పుడే రాణి వచ్చింది. ఆమె వెనక ఉద్యానాధికారి మార్తాండుడు.

"నూకాలూ, వీటన్నిటినీ ఒకే తొట్టిలో వేయించాలి" అంది రాణి. "మా మడిలో ఉన్నట్టు, అన్నీ కలిసి తిరగాలి. నేను చూసుకోవాలి."

"వద్దు రాణెమ్మా" అంది నూకాలు. "ఇవి ఒంటి బతుకు చేపలు. ఒకదాని కంట ఒకటి పడితే చాలు, కాలు దువ్వుతున్నాయి. కలిపితే చచ్చిపోతాయి."

రాణి ముఖం ఎర్రబడింది. "నా చిన్నతనమంతా వీటి మధ్యే గడిచింది. ఒకే మడిలో అన్నీ కలిసి ఉండేవి. నా రెండు కళ్ళతో చూశాను. మూడు రోజులు చూసిన దానివి, నాకు చెబుతావా?"

"మీరు చూసింది నేను కాదనను తల్లీ. నేను చూసింది మీకు చెప్పకపోతే తప్పు."

మార్తాండుడు మధ్యలో అందుకున్నాడు. "అమ్మవారి మాటే మాట. ఇరుకు జాడీల్లో ఉండి చిరాకు పడుతున్నాయి కానీ, గొప్ప గాజుతొట్టిలో వేస్తే అన్నదమ్ముల్లా మెలగవూ?"

రాణికి కావలసిన మాట అదే. నూకాలును వంటతోటలో నీళ్ళు మోయడానికి మార్చారు. పోతూ పోతూ ఆమె, "ఆ రెండు ఆడ చేపలనైనా నా దగ్గర ఉంచనివ్వండి" అని అడిగింది. "ఆ మట్టిరంగువేగా, తీసుకుపో" అన్నాడు మార్తాండుడు.

రాజు సంతోషంగా గాజుతొట్టి చేయించాడు. ఇద్దరు మనుషులు చేతులు చాచి నిలబడినంత పొడవు. అడుగున తెల్లరాళ్ళు. మధ్యలో వెండితో చేసిన చిన్న మేడ. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక ఆకు లేదు, ఒక గడ్డిపరక లేదు. ఈ చివరి చేపకు ఆ చివరి చేప కంటిపాప కూడా కనబడుతుంది.

సభ తీరింది. సన్నాయి మోగింది. ఆరు చేపలనూ తొట్టిలోకి వదిలారు.

ఒక్క క్షణం. ఒక్క క్షణం మాత్రం ఆరూ తోకలు విప్పి నిలబడ్డాయి. నీళ్ళలో పూలతోట పూసినట్టయింది. రాణి రెండు చేతులూ జోడించి, "అదిగో! ఇలాగే ఉండేవి!" అంది.

ఆ మాట పూర్తి కాకుండానే ఎర్రది పసుపుదాని మీదికి దూకింది. తెల్లదాని తోకను పచ్చది కొరికింది. సన్నాయివాడు పాట ఆపేలోగా చిరిగిన రెక్కలు పూరేకుల్లా నీళ్ళ మీద తేలాయి. వలలు వేసి విడదీసేసరికి పసుపుదీ, తెల్లదీ ప్రాణాలు వదిలాయి.

రాణి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మార్తాండుడు తల గోక్కుంటూ వచ్చాడు. "అమ్మా, అవి ఆకలి మీద ఉన్నాయి. ఆకలి మీద ఎవరికైనా కోపమే. కడుపునిండా మేపి వదిలితే పోట్లాడవు."

గాయాలు మానేదాకా ఆగారు. నిలవనీటి పురుగులు దోసిళ్ళతో తెచ్చి, పొట్టలు ఉబ్బేలా మేపారు. ఈసారి సభ లేదు, సన్నాయి లేదు. రాణి కళ్ళు చేతులతో మూసుకొని, వేళ్ళ సందుల్లోంచి చూసింది. నిండు పొట్టలతో చేపలు బద్ధకంగా కదిలాయి. మార్తాండుడు మీసం దువ్వబోయాడు. అంతలో పచ్చది వెండిమేడ చాటుకు పోబోయి ఎర్రదానికి ఎదురుపడింది. దాని బతుకు అక్కడితో తీరిపోయింది.

ఆరింటిలో మూడు మిగిలాయి. ఎరుపు, నీలం, దానిమ్మ రంగు.

మూడోసారి ఉపాయం రాజే చెప్పాడు. "మధ్యలో గాజుపలకలు నిలబెడదాం దేవీ. ఒకే తొట్టిలో ఉంటాయి. కలిసి ఉన్నట్టే కనబడతాయి. కొరుక్కోలేవు."

ఇది బాగానే ఉందనిపించింది. పలకలు నిలబెట్టారు. కొట్లాట లేదు. నెత్తురు లేదు. కానీ తెల్లవారింది మొదలు పొద్దు గూకేదాకా ఆ మూడూ పలకల మీదికి దూకుతూనే ఉన్నాయి. ముక్కులు కమిలాయి. మేత వేస్తే చూడలేదు. శత్రువు ఎదురుగా నిలబడి ఉంటే ఎవరికి ముద్ద దిగుతుంది? అయిదో రోజుకు నీలం చేప రంగు వెలిసింది. తొట్టి అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. గాలి కోసం ఎంతో కష్టం మీద పైకి వచ్చి, ఒక్క గుక్క పీల్చి, మళ్ళీ రాయిలా జారిపోయింది.

పూలచేపల సంగతి మీకు తెలుసో లేదో. నీళ్ళలో ఉంటూనే నోరు పైకెత్తి మనలా గాలి కూడా పీలుస్తాయి. పైకి రాలేని రోజు వాటికి చివరి రోజు.

చంపావతి లేచింది. దాసీలను పిలవలేదు, పల్లకీ అడగలేదు. కాలినడకన వంటతోటకు వెళ్ళింది. నూకాలు బెండమొక్కలకు నీళ్ళు పోస్తోంది.

"నూకాలూ, నీలం చేప పోతోంది. నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు. ఇప్పుడు వస్తావా?"

నూకాలు ఒక్క దెప్పు మాట అనలేదు. కుండ దించి, చేతులు తుడుచుకొని, "పదండి తల్లీ" అంది.

దారిలో బాదంచెట్టు కింద రాలిన ఎండుటాకులు నాలుగు ఏరుకుంది. తొట్టి దగ్గరకు రాగానే ముందు చేసిన పని, పలకల మధ్య తాటాకు చాపలు దించడం. ఒకదానికి ఒకటి కనబడకుండా పోయేసరికి ఎర్రదీ, దానిమ్మ రంగుదీ ఒక్కసారిగా రెక్కలు ముడిచాయి. యుద్ధం మానేసిన సిపాయిల్లా అలిసిపోయి నిలబడ్డాయి. నీలం చేపను మెల్లగా దోసిట పట్టి, వెడల్పు మూతి కుండలో లోతు తక్కువ నీళ్ళు పోసి అందులో వదిలింది. పైకి రావడానికి దానికి ఇప్పుడు జానెడు దూరమే. బాదం ఆకులు వేసింది. కాసేపటికి నీళ్ళు పలచని కషాయం రంగుకు తిరిగాయి. చేప ఒక ఆకు చాటున చేరింది.

"ఇక మనం కూచోవాలంతే" అంది నూకాలు. ఇద్దరూ కుండ పక్కన నేల మీద కూచున్నారు.

కొంతసేపయ్యాక నూకాలు, "మీ మడి సంగతి చెప్పండి రాణెమ్మా" అని అడిగింది. "ఎంత పెద్దది?"

రాణి ఆశ్చర్యంగా చూసింది. ఈ దేశంలో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"చాలా పెద్దది. ఈ గట్టు మీద నేను కేక పెడితే ఆ గట్టు మీది తమ్ముడికి వినపడేది కాదు."

"ఎర్ర చేప ఎక్కడ ఉండేది?"

"తూము దగ్గర. ఎప్పుడూ తూము దగ్గరే. దాన్ని చూడాలంటే అక్కడికే పరుగెత్తేవాళ్ళం."

"నీలం చేప?"

"అది పడమటి గట్టు కింద, కలువతీగల్లో. అంతదూరం పోతే మా అవ్వ కోప్పడేది, పాములుంటాయని."

"మధ్యలో ఏముండేది తల్లీ?"

"వరి. నా నడుం దాకా వరి. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య నీళ్ళు కూడా సరిగా కనపడేవి కావు."

నూకాలు కుండలోకి ఒకసారి తొంగి చూసింది. "ఎర్రదాన్నీ నీలందాన్నీ ఒకేచోట ఎప్పుడైనా చూశారా?"

చంపావతి ఆ మడిని గుర్తు తెచ్చుకోబోయింది. కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు జారాయి.

"ఒక్కసారి చూశాను. తమ్ముడూ నేనూ కలిసి రెంటినీ పట్టి ఒక గిన్నెలో వేశాం. అవ్వ పరుగున వచ్చింది. ఇద్దరు దొరలకు ఒకే గది ఇస్తారటే అని నా వీపు మీద ఒకటి వేసింది. అప్పటికే అవి కొరుక్కొని గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ రోజు నేను చాలా ఏడ్చాను నూకాలూ. ఆ సంగతే మరిచిపోయాను. మడి గుర్తుంది. మడిలో పూసినట్టున్న రంగులు గుర్తున్నాయి. అవి ఎంతెంత దూరంలో ఉండేవో, అదొక్కటీ మరిచిపోయాను."

"జ్ఞాపకం అంతేనమ్మా" అంది నూకాలు. "దూరం దూరంగా ఉన్నవాటిని దగ్గరికి జరిపి చూపిస్తుంది. మా ఆయన సముద్రం మీద వేటకు పోయి తిరిగి రాక తొమ్మిదేళ్ళు. మేమిద్దరం రోజూ నవ్వుకుంటూ తిరిగినట్టే నాకు గుర్తు. మా అత్తను అడిగితే, రోజూ మీ పోట్లాట తీర్చలేక చచ్చేదాన్ని కదే అంటుంది."

రాణి ఏడుస్తూనే పకపకా నవ్వింది. నూకాలూ నవ్వింది.

అప్పటికి రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చాలాసేపటి కిందటే వచ్చాడు. తూము దగ్గర ఎర్ర చేప, పడమటి గట్టు, అవ్వ, అన్నీ విన్నాడు. లోపలికి వచ్చి ఆయన కూడా నేల మీదే కూచున్నాడు.

"దేవీ, నీకు ఉయ్యాల ఇచ్చాను, తొట్టి ఇచ్చాను. పన్నెండేళ్ళలో నీ మడి ఎంత పెద్దదని ఒక్కసారి అడగలేదు. ఈమె చేప కోసం అడిగితే, నీ మనసులో ఏముందో నాకు ఇప్పుడు తెలిసింది."

"ఇప్పుడు అడగండి" అంది చంపావతి.

రాజు అడిగాడు. ఆమె చెప్పింది. వరికోతల్లో పాడే పాట చెప్పింది. అవ్వ చేతి కొబ్బరి అన్నం చెప్పింది. తమ్ముడికి జ్వరం వస్తే నాన్నగారు భుజాన మోసుకొని కొండ దిగిన వైనం చెప్పింది. నీలం చేప మధ్యలో రెండుసార్లు పైకి వచ్చి గాలి పీల్చుకొని వెళ్ళింది. రెండోసారి కష్టపడకుండానే వచ్చింది.

మర్నాడు మార్తాండుడు కొత్త ఉపాయంతో వచ్చాడు. "ప్రభూ, ఇంతకు రెండింతల తొట్టి చేయిస్తే..."

రాజు చెయ్యెత్తి ఆపి, నూకాలు వైపు తిరిగాడు. "వీటికి ఏం కావాలో నువ్వు చెప్పు."

"ఎక్కువేం అక్కర్లేదు ప్రభూ. దేని చోటు దానికి. ఒకటి మరొకదానికి కనపడకుండా అడ్డం ఒక చాప. పారని నీళ్ళు, చల్లబడని నీళ్ళు. దాక్కోవడానికి నాలుగు ఆకులు. మూతి మీద గాలి ఆడేంత సందు. ఆ గొప్ప తొట్టిని ఒక్క చేపకే ఇవ్వండి. నాచు వెయ్యండి, కలువతీగ వెయ్యండి. ఆ వెండిమేడ తీసేయండి, దాని మొనలకు రెక్కలు చిరుగుతున్నాయి."

అలాగే చేశారు. మార్తాండుణ్ణి వెళ్ళగొట్టమని కొందరన్నారు. "వద్దు" అంది రాణి. "ఆయన నాకు నచ్చే మాట చెప్పాడు. నాకు అదే కావలసి వచ్చింది. తప్పులో సగం నాది." మార్తాండుడు మాత్రం ఆ ఏడాదంతా నూకాలు దగ్గర నీటిపురుగులు పట్టడం నేర్చుకున్నాడు. మనిషి కాస్త మెత్తబడ్డాడు కూడా.

వానాకాలం వచ్చింది. కోలుకున్న నీలం చేప ఒక రోజు నీటి మీద బుడగలు ఊదడం మొదలుపెట్టింది. ఒక్కొక్క బుడగా చేర్చి, కలువాకు కింద అరచేతి వెడల్పున నురుగు గూడు కట్టింది. అది చూసి నూకాలు, తాను సాకుతున్న మట్టిరంగు ఆడ చేపను తెచ్చి నెమ్మదిగా వదిలింది. అది గుడ్లు పెట్టగానే దాన్ని తీసేసింది, ఆ తర్వాత ఉంచితే నీలం చేప దాన్నీ తరుముతుందని. ఇక చూడాలి ఆ తండ్రిని! గుడ్డు ఒకటి జారితే నోట పట్టి తెచ్చి మళ్ళీ గూట్లో పెట్టేది. పగలు లేదు, రాత్రి లేదు, మేత లేదు. ఆ గూటి కిందే కాపలా.

"ఇంత కోపిష్టికి ఇంత తల్లి మనసా!" అన్నాడు రాజు.

"దాని చోటు దానికి దొరికింది కదా ప్రభూ" అంది నూకాలు.

పిల్లలు పుట్టాయి. చిన్నగా ఉన్నంతకాలం కలిసే తిరిగాయి. రెక్కలు విప్పి ఒకదాన్ని ఒకటి బెదిరించే వయసు రాగానే నూకాలు మగవాటిని వేరు వేరు గిన్నెల్లోకి మార్చింది. కలమదీవిలో మళ్ళు ఎండిపోయినా పూలచేపల వంశం సిరిరేవులో నిలిచింది. రాణి అడిగినవారి ఇంటికల్లా గిన్నెతో సహా ఒక్కొక్క చేపను ఇచ్చింది. గిన్నె చేతికి ఇస్తూ, దాని మేత సంగతీ, నీటి సంగతీ తానే ఓపిగ్గా చెప్పేది. ఆమె ముఖం ఇప్పుడు కూడా తొలకరికి సముద్రం వైపు తిరిగేది. కాకపోతే పక్కన వినే మనిషి ఉండేవాడు.

ఆ తర్వాత సిరిరేవులో ఒక ఆచారం మొదలయింది. ఆ ఊరికి పరాయి ఊరి పిల్ల కోడలిగా వస్తే, చీర పెట్టకముందే, సారె చూడకముందే, అత్తగారు పక్కన కూచోబెట్టుకొని, "మీ ఊళ్ళో ఎలా ఉండేదమ్మా?" అని అడిగేదట. ఆ పిల్ల చెప్పడం అయ్యేదాకా ఇంట్లో పొయ్యి మీద ఎసరు కూడా పెట్టేవారు కాదట. ఆ రేవు పోయింది, ఆ ఓడలు పోయాయి, ఆ అత్తగార్లూ పోయారు. ఆ అడగడం ఒక్కటి పోకుండా ఉంటే ఎంత బాగుండును!

కాబట్టి పిల్లలూ, మన ముచ్చట కోసం అన్నిటినీ ఒకచోట చేర్చడం ప్రేమ కాదు. ఏ ప్రాణికి ఎంత చోటు కావాలో అడిగి తెలుసుకొని, అంత చోటు ఇవ్వడమే ప్రేమ.